బెత్తం కోసం ఆగిన బండ్లు

మా ముత్తాత కృష్ణా కాలువల మీద తిరిగే పడవలు కట్టించాడు. బందరు కాలువలోనూ ఏలూరు కాలువలోనూ ధాన్యం మోసిన పడవల్లో ఆయన కట్టించినవి ఎన్నో ఇప్పుడు చెప్పగలవాళ్ళు లేరు. మా పడవ కాలువ నీళ్ళు ఆపే లాకు దగ్గరికి వస్తే లాకు మీది ఉద్యోగి గొడుగు ముడిచి పలకరించేవాడని మా నాయనమ్మ చెప్పేది. కాలువల మీద రవాణా తగ్గి లారీలు వచ్చాక మా తాత ఆ పడవల వడ్రంగులనే లారీ బాడీల పనికి మళ్ళించాడు. మా నాన్న బెజవాడ ఆటోనగర్‌లో పెద్ద షెడ్డు వేశాడు. పెళ్ళి ముహూర్తానికి పురోహితుడి గుమ్మం ముందు నిలబడ్డట్టు లారీ ఓనర్లు తేదీ కోసం మా గుమ్మం ముందు నిలబడేవాళ్ళు. ఏ సభ జరిగినా ముందు వరసలో మొదటి కుర్చీ మా నాన్నది. ఆ కుర్చీలో ఆయన వీపు ఆనించి కూర్చోగా నేను ఎన్నడూ చూడలేదు.

ఆ ముగ్గురి తరవాత వాణ్ణి నేను.

లారీ కంపెనీ నుంచి వచ్చేటప్పుడు ఇంజనూ, చక్రాలూ, రెండు పొడవాటి ఇనప దూలాలూ మాత్రమే ఉంటాయి. దాన్ని ఛాసిస్ అంటారు. దాని మీద చెక్క అడుగు పరిచి, పక్కలు నిలబెట్టి, ఇనప పని చేసి, రంగు వేసి పంపడం మా వృత్తి. అందులో మా ఇంటికి మాత్రమే ఉన్న ఆచారం ఒకటుంది. మా ముత్తాత దగ్గర వెండి పొన్ను వేసిన పేము బెత్తం ఉండేది. మంచి చెక్కను దాంతో తడితే కంచులా మోగుతుంది. లోపల పుచ్చిన చెక్క గుమ్మడికాయలా మూగగా పలుకుతుంది. పడవ నీళ్ళలో దిగాక పుచ్చు బయటపడితే ప్రయోజనం లేదు గనక ఆయన ప్రతి పలకనూ తట్టి చూశాకే తారు పూయనిచ్చేవాడు. ఆ జాగ్రత్త మా తాత నాటికి నియమం అయింది. అడుగు పరిచాక ఒకసారి, పక్కలు నిలబెట్టాక ఒకసారి, ఇనప పని ముగిశాక ఒకసారి, రంగుకు ముందు ఒకసారి, నాలుగుసార్లు ఇంటి పెద్ద బెత్తంతో తట్టి "కానివ్వండి" అనాలి. అనేదాకా ఆ బండి మీద చెయ్యి వెయ్యకూడదు. మరొకరు ఆ బెత్తం ముట్టుకోకూడదు. మంగళవారం దాన్ని బయటికి తియ్యం. మా ముత్తాత పడవ ఒకటి హంసలదీవి దగ్గర మునిగింది మంగళవారమేనట.

మా నాన్న జబ్బుపడ్డ చివరి నెలల్లో కూడా ఆటోలో వచ్చేవాడు. మేస్త్రి మోచెయ్యి పట్టుకుంటే లేచి నిలబడి తట్టేవాడు. అది చూసి పెరిగినవాడికి ఆ బెత్తం పనిముట్టుగా కనిపించదు.

నా చేతికి వచ్చేసరికి షెడ్డులో సగం టైర్ల కొట్టుకు అద్దెకు పోయింది. మిగిలిన సగంలో ఒకసారికి రెండు బండ్లు పడతాయి. హైవే పక్కన రేకు బాడీలు ముక్కలుగా తయారుచేసి వారంలో బిగించే వాళ్ళు వచ్చారు. మా దగ్గర పదకొండు మంది మిగిలారు. వాళ్ళకు పెద్ద మా మేస్త్రి. ఆయన తాత మా ముత్తాత దగ్గర పడవలు చెక్కాడు. ఆదివారం చర్చికి తప్ప పని మానని మనిషి.

ఆ స్థితిలో కైకలూరు వైపు నుంచి ఒక చేపల వ్యాపారి వచ్చాడు. చేపల ట్రేలు మోసే లారీలకు చెక్క అడుగే కావాలన్నాడు. రేకు అడుగు మీద మంచు నీళ్ళు నిలిచి తుప్పు పడుతోందట. ఆరు ఛాసిస్‌లు ఇస్తానన్నాడు.

"నలభై అయిదు రోజులండీ. ఈ ఆరూ టైముకి వచ్చినియ్యా, వచ్చే ఏడాది ముప్పై బండ్లు మీకే. లేటయితే మాత్రం నన్నేమనుకోవద్దు. నాకు ఓర్పున్నా చేపకుండదు."

ముప్పై బండ్లంటే షెడ్డు నిలబడుతుంది. అద్దెకిచ్చిన సగం మళ్ళీ మా చేతికి వస్తుంది. పదకొండు మందీ ఎక్కడికీ పోనక్కర్లేదు. అయితే మాకు జత బండ్లు తయారు కావడానికి పంతొమ్మిది రోజులు పడుతోంది. మూడు జతలకు యాభై ఏడు. ఆ మాట వ్యాపారితో నేను అనలేదు. మా ఇంటి వాళ్ళం చేతకాదని చెప్పి ఎరగం.

మర్నాడు మేస్త్రి తువ్వాలు భుజం మీంచి తీసి చేతిలో పట్టుకుని వచ్చాడు.

"బాబుగారూ, మా అమ్మాయి ఇంజనీరింగు కాలేజీలో ఇదే పాఠం చెప్పిద్దండి. చిన్న షెడ్లలో పని ఎక్కడ ఆగిపోతందో చూసి, కంప్యూటర్లో పెట్టి చూపిచ్చిద్దంట. డబ్బులేం వద్దంటందండి. మీరు సరేనంటే..."

ఆ అమ్మాయి మా షెడ్డులో చెక్క పొట్టుతో ఆడుకోవడం నేను చూశాను. ఇప్పుడు ల్యాప్‌టాప్ సంచీ తగిలించుకుని, మెడలో కాలేజీ కార్డుతో వచ్చింది. నేను నా కుర్చీలోంచి లేవలేదు. ఆమెకు ప్లాస్టిక్ స్టూలు వేయించాను. కాలేజీ నుంచి మరెవరు వచ్చినా కుర్చీ తెప్పించేవాణ్ణి. ఈ సంగతి ఇవాళ రాస్తున్నాను గానీ ఆనాడు నాకు తట్టలేదు.

వారం రోజులు ఆమె మూల నిలబడి చూసింది. చేతిలో వాచీ, అట్టకు తగిలించిన కాగితాలు. ఉలి కోసం ఒకడు ఎన్నిసార్లు లేచాడో, బోల్టులు వెతకడానికి ఎంతసేపు పట్టిందో రాసుకుంది. తరవాత ప్లైవుడ్ పలక మీద ప్రతి పనిముట్టు ఆకారం రంగుతో గీయించి, ఎక్కడిదక్కడ తగిలించింది. ఏది పోయినా ఆ ఖాళీ బొమ్మ కనిపెట్టి చెబుతుంది. అవసరం లేని సామాను మీద ఎర్ర కార్డులు కట్టింది. విరిగిన బల్లలు, పాత టైర్లు, తుప్పు పట్టిన డ్రమ్ములు బయటికి పోయాయి. మావాళ్ళు మొదట నవ్వారు.

"మేడంగారూ, మా మేస్త్రికి కూడా ఓ ఎర్ర కార్డు కట్టండి, రిటైరవుతాడు!"

"నీకు కట్టేవాణ్ణే గానీ, నిన్నెవడు కొంటాడ్రా," అన్నాడు మేస్త్రి.

నవ్వినవాళ్ళే నాలుగు రోజులకు సుత్తి ఎక్కడిదక్కడ పెట్టకపోతే ఒకరినొకరు కేకలేసుకోవడం మొదలుపెట్టారు. పని తేలికపడింది. అది నేను కాదనను.

గుమ్మంలో మనిషెత్తు చుక్కాని ఒకటి ఉండేది. మా ముత్తాత చివరి పడవది. పలకలు మోసేవాళ్ళు దాన్ని చుట్టి లోపలికి రావాలి. ఒకనాడు దానికీ ఎర్ర కార్డు కనిపించింది.

"రోజుకి ఎన్నిసార్లు దీని చుట్టూ తిరుగుతున్నారో చూశానండి. పక్కకి జరిపితే చాలు, తీసెయ్యక్కర్లేదు," అంది.

"మూడు తరాలుగా తిరుగుతున్నారు. వాళ్ళకు అలవాటే," అన్నాను.

ఆమె కార్డు విప్పి, మడిచి సంచీలో పెట్టుకుంది.

తరవాత కంప్యూటర్ తెరిచింది. తెర మీద మా షెడ్డు గళ్ళుగా ఉంది. చెక్క, ఇనుము, రంగు. చిన్న చిన్న దిమ్మలు ఒక గడిలోంచి మరో గడిలోకి జరుగుతున్నాయి. అవే మా బండ్లు. ఎక్కడైనా ఆగితే దిమ్మ ఎర్రబడుతుంది. దీన్ని సిమ్యులేషన్ అంటారని చెప్పింది.

"నిజం బండ్లతో ప్రయోగాలు చేస్తే నష్టపోతాం కదండీ. దీన్లో వందసార్లు నష్టపోయినా ఏం కాదు. అయితే మనం చెప్పిందే ఇది నమ్మిద్ది. తప్పు చెప్తే తప్పే చూపిచ్చిద్ది."

ఒక్కొక్క పనికీ ఎంతసేపో అడుగుతూ టైపు చేసింది. చివరికి తలెత్తి అడిగింది.

"మీ బెత్తం కోసం బండి ఎంతసేపు ఆగిద్దండీ? నేనున్న వారంలో రెండుసార్లే చూశాను. రెండుసార్లూ మీరు ఇక్కడే ఉన్నారు."

ఆ వారమంతా నేను పొద్దున్నే వచ్చి కూర్చున్నాను. ఎవరో చూస్తున్నారని. మామూలుగా స్నానం, పూజ, పేపరు అయ్యేసరికి పదకొండు దాటుతుంది. పెళ్ళిళ్ళకు వెళితే ఆ రోజు అంతే. మంగళవారం ఎలాగూ లేదు. పని పూర్తయి, నా కోసం బండి ఒకటి రెండు రోజులు నిలబడి ఉండటం కద్దు. ఆ సమయంలో మనుషులు గోడకు జేరబడి కూర్చుంటారని నాకు తెలుసు. అది మా ఇంటి పట్ల మర్యాద అనుకునేవాణ్ణి. ఆ అమ్మాయి వేళ్ళు మీటల మీద పెట్టుకుని నా వంక చూస్తుంటే మాత్రం నిజం నోట రాలేదు.

"పావుగంట," అన్నాను. "ఎప్పుడు పిలిస్తే అప్పుడు వస్తాను."

మేస్త్రి ఆమె వెనకే నిలబడి ఉన్నాడు. నేల వంక చూశాడు.

ఆమె మీట నొక్కింది. దిమ్మలు గబగబా జరిగాయి. ఆమె కనుబొమలు ముడిచింది.

"ఇందులో జత బండ్లు పన్నెండు రోజులకే వెళ్ళిపోతున్నాయండి. మీ రిజిస్టర్లో పంతొమ్మిది. ఏడు రోజులు ఎక్కడికి పోతున్నాయి?"

నిజం చెప్పడానికి దేవుడు నాకు ఇచ్చిన రెండో అవకాశం అది.

"రంగు," అన్నాను. "మన గాలిలో చెమ్మ ఎక్కువ. ఆరదు."

మా పెయింటరు పక్కనే టీ తాగుతున్నాడు. మంగళగిరి మనిషి. ముప్పై ఏళ్ళుగా మా ప్రతి బండికీ వెనక డోరు మీద జంట పద్మాలు, ముందు పలక మీద దిష్టి కళ్ళు వేసినవాడు. ఆ కళ్ళు చూసి, దూరం నుంచే ఇది ఫలానా షెడ్డు బండి అని డ్రైవర్లు చెప్పేవాళ్ళు. ఆయన గ్లాసు కింద పెట్టాడు.

"నా రంగు వల్లాండీ ఆలస్యం?"

"వర్షాల సంగతి చెబుతున్నాను," అన్నాను. ఆయన వైపు తిరగకుండానే అన్నాను.

ఆమె రంగు గడిలో రోజులు పెంచింది. తెర మీది లెక్క మా రిజిస్టరుతో సరిపోయింది. ఆ గడి ముందు దిమ్మలన్నీ ఎర్రగా బారులు తీరాయి. అది చూస్తే ఎవరికైనా రంగే అడ్డమనిపిస్తుంది. ఆమె చెప్పినట్టే స్ప్రే కొట్టే మనిషిని కొత్తగా పెట్టాం. వేడి దీపాలు బిగించాం. రెండో బండికి చోటు చెయ్యడానికి పెయింటరు కూర్చుని బొమ్మలు వేసే అరుగు పగలగొట్టాం. చేత్తో బొమ్మలు వద్దు, స్టిక్కర్లు చాలని నేనే అన్నాను.

అయినా ఆయన మొదటి నాలుగు బండ్లకూ కళ్ళు వేశాడు. నాలుగోది అయ్యాక కుంచెలు కిరసనాయిలు గుడ్డలో చుట్టి నా దగ్గరికి వచ్చాడు.

"చూపు ఆనటంలేదండి, బాబుగారూ. కూతురింటికి పోతాను."

ఆ నాలుగు బండ్ల మీది కళ్ళలో ఒక్క గీత కూడా వంకర లేదు. ఉండమని నేను అనలేదు.

కొత్త దీపాల కింద నేల చాలా రోజులు ఖాళీగా ఉండేది. స్ప్రే కుర్రవాడు ఫోను చూసుకుంటూ కూర్చునేవాడు. చెక్క పని దగ్గర బండ్లు ఎప్పటిలాగే నిలబడి ఉండేవి. నేను ఎప్పటిలాగే పదకొండుకు వచ్చేవాణ్ణి. పదకొండుకు కాక ముందే వస్తే, పావుగంట అన్నది అబద్ధమని మేస్త్రికి తెలిసిపోతుందనిపించేది. ఆయనకు తెలియనిదేదో ఉన్నట్టు! నాలుగు బండ్లు వెళ్ళేసరికి ముప్పై ఏడు రోజులు పట్టింది. మిగిలినవి ఎనిమిది రోజులు.

ఆఖరి వారంలో సోమవారం నాడు కూచిపూడి దగ్గర పెళ్ళికి వెళ్ళాను. అక్కడ ఇంకా నాకు ముందు వరసలో కుర్చీ వేస్తారు. అందుకే వెళ్ళాను. మంగళవారం షెడ్డుకు వెళ్ళేసరికి చేపల వ్యాపారి స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. ఆనాటికి నలభై అయిదు రోజులు. రెండు బండ్లూ పక్కలు నిలబెట్టి, నిన్న పొద్దుటి నుంచి అలాగే ఉన్నాయి. పనివాళ్ళు గోడకు జేరబడి ఉన్నారు.

"ఏం మేస్త్రీ, చెక్క లేదా?" అన్నాడు వ్యాపారి.

"ఉందండి."

"కరెంటు లేదా?"

"ఉందండి."

"మరెందుకు కూసున్నారయ్యా?"

మేస్త్రి నా వంక చూశాడు.

"బాబుగారు బెత్తం వెయ్యాలండి. ఇయ్యాల మంగళారం."

వ్యాపారి నవ్వాడు. ఎగతాళి నవ్వు కాదు. ఇక అయిపోయిందనుకున్నవాడి నవ్వు.

"బెత్తం బడిలో పిల్లలకండీ. మీ ఇల్లంటే మా నాన్నకి గౌరవం, అందుకే మీ దగ్గరికి వచ్చాను. ఈ రెండూ నిదానంగా కట్టి పంపించండి. ఆ ముప్పై సంగతి మర్చిపోదాం." లేచి, రెండు చేతులూ జోడించి నమస్కారం పెట్టాడు. "రెడీమేడు వాళ్ళే చెక్క అడుగు వేసిస్తామన్నారు."

నేను ఆ పూట బెత్తం తీసి ఉంటే ఏమయ్యేదో తెలియదు. తియ్యలేదు.

ఆ సాయంత్రం మేస్త్రి కూతురు కాలేజీ నుంచి నేరుగా వచ్చింది. స్టూలు మీద కూర్చోలేదు. నిలబడే ల్యాప్‌టాప్ తెరిచింది. ఆమె అడగకుండానే నేను చెప్పాను. బెత్తం వేసే ప్రతిసారీ బండ్లు ఒకటి రెండు రోజులు ఆగుతాయని చెప్పాను. ఆమె ఆ అంకె మార్చి, రంగు అంకె వెనక్కి తగ్గించింది. ఇదివరకటిలాగే పంతొమ్మిది రోజులు వచ్చాయి. ఈసారి ఎర్రటి దిమ్మలు రంగు దగ్గర లేవు. నా దగ్గర ఉన్నాయి.

తరవాత నా బెత్తం గడి పూర్తిగా తీసేసి మీట నొక్కింది. ఆరు దిమ్మలూ ఎక్కడా ఎర్రబడకుండా వెళ్ళిపోయాయి. ముప్పై ఆరు రోజులు. తొమ్మిది రోజులు మిగిలాయి.

"పావుగంట అన్నారండీ," అంది. గొంతులో కోపం లేదు. తప్పు తనదేనేమో, మరోవారం ఉండి చూడాల్సిందేమో అన్నట్టు ఆ తెర వంకే చూస్తూ నిలబడింది.

కాసేపటికి అడిగింది. "బెత్తంతో తట్టి ఎన్ని పలకలు వెనక్కి పంపారండీ?"

మా నాన్న హయాంలో రెండు. నా హయాంలో ఒక్కటి కూడా లేదు. చెక్కలు బాగున్నాయి గనక లేదనుకునేవాణ్ణి. మేస్త్రి అప్పుడు నోరు విప్పాడు.

"నేను పొద్దున్నే సుత్తి పిడితో అన్నీ కొట్టి చూస్తానండి. మోగనియ్యి పక్కన పడేస్తాను. మీ చేత 'కాదు' అనిపించటం ఎందుకని."

"పావుగంట అన్నప్పుడు అబద్ధమని నీకు తెలుసు."

"తెలుసండి."

"చెప్పలేదేం?"

"మీరు చెప్పాక నేనెట్టా చెప్తానండీ? మా పిల్ల ముందు మిమ్మల్ని తక్కువ చెయ్యమంటారా?"

మా ఇంటి ఉప్పు తిన్న మనిషి మా ఇంటి పరువు కాపాడాడు. దాంతోనే షెడ్డు పోయింది. ఆయన్ని ఏమనను? బుధవారం పొద్దున ఆరింటికి వెళ్ళి బెత్తం ఆయన చేతిలో పెట్టాను. పుచ్చుకోవడానికి రెండు చేతులూ తువ్వాలుకు తుడుచుకున్నాడు. మిగిలిన రెండు బండ్లూ అయిదు రోజుల్లో షెడ్డు దాటాయి. అంత వేగంగా మా షెడ్డులోంచి బండ్లు కదలడం నేను ఎన్నడూ చూడలేదు. అప్పటికి అది ఎవరికీ అక్కరలేదు.

తరవాత ఒకనాడు మంగళగిరి బస్సెక్కాను. పెయింటరు అల్లుడిది మగ్గాల వీధి. ఆయన అరుగు మీద కూర్చుని ఎవరి ఇంటికో నంబరు పలక రాస్తున్నాడు. నన్ను చూసి లేచి, లోపలి నుంచి కుర్చీ తెచ్చి వేశాడు. లోపల మగ్గం చప్పుడు ఆగింది, మళ్ళీ మొదలైంది.

"ఆలస్యం నీ రంగుది కాదు. నాది. ఆ రోజు అబద్ధం చెప్పాను," అన్నాను.

ఆయన చేతిలో పలక తడి ఆరిందో లేదో వేలితో చూసుకున్నాడు.

"ఆఖరి రెండు బండ్లకీ కళ్ళు ఎవరు ఏశారండీ?"

"స్టిక్కర్లు అంటించారు."

ఆయన తల ఊపి, టీ తెప్పించాడు. నేను టీ తాగి వచ్చేశాను.

ఆ మరుసటి ఏడు ఒక్కొక్కరే వెళ్ళారు. ఇద్దరు హైవే షెడ్లలో చేరారు. స్ప్రే కుర్రవాడు అందరికంటే ముందు పోయాడు. మేస్త్రి చివరి దాకా ఉన్నాడు. పనిముట్ల పలక మీద ఏది ఎక్కడుండాలో అక్కడే ఉండేది, తీసుకునే వాళ్ళు లేరు గనక. ఆ అమ్మాయి ఇప్పుడు వేరే చిన్న షెడ్లకు వెళ్ళి చూస్తోందట. ఎంతసేపు అని యజమానిని అడగదట, తనే నెల రోజులు కూర్చుని చూస్తుందట. మేస్త్రి చెప్పాడు. చెబుతూ ఎందుకో క్షమాపణ అడుగుతున్నట్టు చూశాడు.

షెడ్డు స్థలాన్ని టైర్ల కొట్టు ఆయనే కొన్నాడు. రంపం మిషను, వెల్డింగు సెట్లు వన్ టౌన్ పాత సామాన్ల వాళ్ళకు వెళ్ళాయి. చుక్కానిని హైవే మీద కొత్తగా కట్టిన చేపల హోటలు వాళ్ళు గుమ్మంలో పెట్టుకోవడానికి కొనుక్కుపోయారు.